వంటగది లేని ఇంటికి అప్పు పుట్టదు

ఇంగ్లండు ఉత్తరాన డర్హమ్ వైపో, మిడ్‌లాండ్స్‌లో స్టోక్ ఆన్ ట్రెంట్ వైపో వేలం జాబితాలు తిరగేస్తే ఇలాంటి ఇళ్లు తరచూ కనిపిస్తాయి. రెండు పక్కలా గోడలు కలిసిన ఎర్ర ఇటుకల టెరేస్ ఇల్లు, రెండు పడకగదులు, వెనక చిన్న పెరడు. ఫొటోల్లో వంటగది ఉండాల్సిన చోట గోడలోంచి నాలుగు పైపులు పొడుచుకొచ్చి ఉంటాయి. ధర పక్కింటి కంటే బాగా తక్కువ. పాతిక శాతం చేతిలో ఉంది కదా, మిగతాదానికి బై టు లెట్ మార్ట్‌గేజ్, అంటే అద్దెకిచ్చే ఇంటి మీద అప్పు, తీసుకుని, బాగు చేయించి అద్దెకిద్దామని బ్రోకరుకు ఫోన్ చేస్తారు. జీతం ఎంత, క్రెడిట్ స్కోరు ఎంత అని అడుగుతాడనుకుని కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆయన మొదట అడిగేది వేరు. ఆ ఇంట్లో వంటగది ఉందా? బాత్రూములో నీళ్లు వస్తాయా?

లేవంటే, మామూలు బై టు లెట్ సంగతి అక్కడితో సరి.

మనకు ఇది వింతగా తోచడానికి కారణం ఉంది. ఇంటి అప్పు గురించి మనం నేర్చుకున్నది విజయవాడలోనో హైదరాబాదులోనో. అక్కడ బ్యాంకు జీతం చూస్తుంది, దస్తావేజులు చూస్తుంది, ఆ పైన శ్లాబు పడినప్పుడల్లా కొంత కొంత సొమ్ము విడుదల చేస్తుంది. ఇంకా లేవని ఇంటికి అప్పివ్వడం దానికి రోజువారీ పని. వాయిదా జీతంలోంచి పోతుంది కాబట్టి, అద్దె అందులో సగం కూడా రాకపోయినా కంగారు పడదు. బ్రిటన్‌లో బై టు లెట్ దీనికి తలకిందులు. 1996లో లెటింగ్ ఏజెంట్ల సంఘమూ కొన్ని రుణసంస్థలూ కలిసి ఈ పేరుతో అప్పులు మొదలుపెట్టినప్పటి నుంచి దాని కీలకం ఒక్కటే: వడ్డీ వచ్చేది మీ జేబులోంచి కాదు, అద్దెదారు జేబులోంచి. సాధారణంగా నెలనెలా వడ్డీ మాత్రమే కట్టి, అసలు చివర్లో తీరుస్తారు. అద్దెదారు దిగలేని ఇల్లంటే వడ్డీ కట్టే మనిషి లేని ఇల్లన్నమాట. మీరు ఆరు నెలల తర్వాత ఆ ఇంటిని ఎంత ముచ్చటగా తీర్చిదిద్దుతారన్నది వాళ్లకు అనవసరం. సొమ్ము చేతులు మారే రోజున అందులో మనిషి కాపురం పెట్టగలడా లేదా, అంతే.

ఆ మాట తేల్చేది రుణసంస్థ పంపే సర్వేయరు. ఆయన ఇంటి విలువ రాస్తాడు, ఎంత అద్దె వస్తుందో రాస్తాడు, ఉన్న స్థితిలో తాకట్టుకు పనికొస్తుందో లేదో కూడా రాస్తాడు. పనికిరాదనుకుంటే విలువ గడిలో సున్నా పెడతాడు. లక్ష పౌండ్ల ఇంటికి సున్నా ఏమిటని తొలిసారి చూసినవాళ్లు నోరు వెళ్లబెడతారు. ఆ సున్నా ఇంటి ధర కాదు, ఈ అప్పుకు ఆ ఇంటి అర్హత. కొన్నిసార్లు అంత దూరం పోకుండా, ఫలానా పని పూర్తయ్యేదాకా ఇంత సొమ్ము పట్టి ఉంచండని సిఫారసు చేస్తాడు. అప్పుడు కొనుగోలు రోజున ఆ తక్కువ పడిన మొత్తాన్ని మీరే సర్దాలి.

అందవిహీనంగా ఉండటం వేరు, కాపురానికి పనికిరాకపోవడం వేరు. గోధుమరంగు పలకలు, అరిగిన కార్పెట్లు, పూల వాల్‌పేపరు, నడుము ఎత్తు గడ్డి పెరిగిన పెరడు, ఇవేవీ అప్పుకు అడ్డు కావు. అసలు బేరం దొరికేది ఇలాంటి ఇళ్లలోనే అని నా అభిప్రాయం. చూడటానికి వచ్చినవాళ్లు వాసనకే వెనక్కి తిరుగుతారు, సర్వేయరు మాత్రం పని చేసే కుళాయి చూసి సంతకం పెడతాడు. అడ్డు పడేవి వేరే ఉన్నాయి. వంటగది గానీ స్నానాలగది గానీ లేకపోవడం, కరెంటూ నీళ్లూ కోసేసి ఉండటం, కురిసే పైకప్పు, కుంగుతున్న గోడ, చెక్కను తినేసే బూజు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కరువులో హడావిడిగా కట్టిన ప్రీకాస్ట్ కాంక్రీటు ఇళ్లలో కొన్ని రకాలను 1984 నాటి చట్టం కింద లోపభూయిష్టమైనవిగా ప్రకటించారు. తగిన మరమ్మతు ధ్రువపత్రం లేకుండా వాటిమీద అప్పు దొరకడం చాలా కష్టం. అటకమీద కప్పు లోపలి వైపు నురుగు పిచికారీ చేయించిన ఇళ్లను చూసి కూడా చాలా సంస్థలు మొహం తిప్పుకుంటాయి, కప్పు చెక్కలు లోపల ఎలా ఉన్నాయో కనబడదు కాబట్టి. జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి మొక్క విషయంలో మాత్రం పట్టు కాస్త సడలింది. ఇంటికి 7 మీటర్ల లోపు కనిపిస్తే ప్రమాదమని చెప్పే పాత కొలమానాన్ని సర్వేయర్ల సంస్థ 2022లో 3 మీటర్లకు తగ్గించింది.

కంటికి కనబడని అడ్డు ఇంకొకటి ఉంది, ఇంధన పొదుపు ధ్రువపత్రం. దాన్నే ఈపీసీ అంటారు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దె ఒప్పందాలకూ, 2020 ఏప్రిల్ నుంచి పాతవాటికీ కనీసం ‘ఈ’ గ్రేడు ఉండాలి. మినహాయింపు నమోదు చేయించుకోకుండా ‘ఎఫ్’, ‘జీ’ గ్రేడుల ఇంటిని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. అంటే కుళాయిలన్నీ పని చేసినా, బాయిలరు భేషుగ్గా ఉన్నా, ఆ ఒక్క అక్షరం వల్ల ఇల్లు అప్పుకు అనర్హమవుతుంది. 2030 నాటికి దీన్ని ‘సీ’ గ్రేడుకు పెంచాలన్నది ప్రభుత్వ ఉద్దేశం కాబట్టి, ఇప్పుడు గోడలు విప్పేవాళ్లు ఆ లెక్కన విప్పడం మేలు. గ్రేడు ఎంతో చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. ప్రభుత్వ రిజిస్టరులో చిరునామా కొడితే వస్తుంది. ఇల్లు చూడటానికి రైలు టికెట్టు కొనకముందే చేయాల్సిన పని ఇది.

సరే, వంటగది లేదు, ఇల్లు మాత్రం నచ్చింది. అప్పుడేం చేస్తారు?

చిన్న లోపమైతే, అమ్మేవాడినే ఒక చవక వంటగది పెట్టించమని అడగవచ్చు. లేదా ఒప్పంద పత్రాల మీద సంతకాలు చేసి ఇచ్చిపుచ్చుకుని, సొమ్ము చెల్లింపును కొన్ని వారాలు వాయిదా వేసుకుని, ఈలోగా పని చేసుకోవడానికి తాళాలు ఇమ్మని రాయించుకోవచ్చు. ఇది జరిగే పనే, కానీ ఎవరి ఇంట్లో ఎవరి డబ్బు పోస్తున్నారో మరవకూడదు. ఆ మధ్యకాలంలో మీ అప్పు రాకపోతే, మీరు పెట్టిన సింకు అమ్మేవాడి సొత్తు. ఒప్పందపు సొమ్ము పది శాతం కూడా అతనికే మిగులుతుంది.

ఇది కుదరని చోట బ్రిడ్జింగ్ లోన్ వస్తుంది. పేరుకు తగ్గట్టే అది వంతెన: ఇవాళ్టి పాడుబడ్డ ఇంటికీ రేపటి అద్దె ఇంటికీ మధ్య. కాల పరిమితి సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర. వడ్డీ ఏడాదికి కాక నెలకు లెక్క చెబుతారు. నూటికి ముప్పాతిక రూపాయి, రూపాయి వడ్డీ అని మనవాళ్లు అనుకునే పద్ధతిలోనే అనుకోండి. చాలాసార్లు ఆ వడ్డీని ముందే పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. మన పట్టణాల్లో ఫైనాన్సు వ్యాపారి చేసేది ఇదే కదా అనిపిస్తే తప్పేమీ లేదు, కాకపోతే ఇక్కడ సొలిసిటర్లు, అంటే కొనుగోలు కాగితాలు చూసే లాయర్లు, ఉంటారు, వాళ్ల ఫీజులు ఉంటాయి. మీ సొలిసిటరుకే కాదు, అప్పిచ్చేవాడి సొలిసిటరుకు కూడా మీరే కట్టాలి.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఇల్లు 90,000 పౌండ్లు. బ్రిడ్జింగ్ సంస్థ 75 శాతం, అంటే 67,500 ఇస్తానంది. అందులోంచి 2 శాతం ఫీజు 1,350, నెలకు 0.9 శాతం చొప్పున ఎనిమిది నెలల వడ్డీ 4,860 ముందే పోతాయి. చేతికొచ్చేది 61,290. కొనడానికి మీ జేబులోంచి 28,710. రెండో ఇల్లు కాబట్టి స్టాంప్ డ్యూటీ 4,500. లాయర్లు, వాల్యుయేషను కలిపి 3,500. మరమ్మతులకు 30,000, దానిమీద అనుకోని ఖర్చులకు పది శాతం 3,000. మొత్తం 69,710 పౌండ్లు. పాతిక శాతం డిపాజిట్టు, అంటే 22,500 ఉంటే చాలనుకుని బయల్దేరినవాడికి కావాల్సింది దానికి మూడింతల పైమాటే. ‘మా డబ్బు లేకుండానే ఇల్లు’ అని వారాంతపు శిక్షణ తరగతుల్లో చెప్పేవాళ్లు ఈ అంకెను బోర్డు మీద ఎందుకు రాయరో నాకు తెలియదు.

ఇక వంతెన దిగే రేవు. ఇల్లు బాగైంది, విలువ 1,40,000 అని సర్వేయరు ఒప్పుకున్నాడు. దాని మీద 75 శాతం బై టు లెట్, అంటే 1,05,000. పాత అప్పు తీరగా 37,500, కొత్త అప్పు ఫీజులు, లాయరు ఖర్చులు పోగా దాదాపు 34,000 మిగులుతుంది. ఇంకా 35,700 పౌండ్ల దాకా మీ సొమ్ము ఆ గోడల్లోనే ఉంటుంది. ఇది మంచి ఫలితం. సర్వేయరు 1,25,000 మాత్రమే రాస్తే, ఇరుక్కున్న సొమ్ము 47,000 దగ్గరికి పోతుంది. మీరు పెట్టిన ఖర్చుతో ఆయనకు పని లేదు. అదే వీధిలో ఈమధ్య అమ్ముడైన ఇళ్ల ధరలు చూస్తాడు. ఇటాలియన్ రాయి పరిచినా వీధి ధర దాటదు.

విలువ ఒక్కటే చాలదు, అద్దె కూడా పరీక్ష నెగ్గాలి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కింద పని చేసే ప్రుడెన్షియల్ రెగ్యులేషన్ అథారిటీ 2017 నుంచి బ్యాంకుల చేత ఒక గట్టి లెక్క వేయిస్తోంది. అసలు వడ్డీరేటు ఎంతైనా, కనీసం 5.5 శాతం ఉన్నట్టు ఊహించి, ఆ వడ్డీకి అద్దె ఎన్ని రెట్లు ఉందో చూడాలి. అయిదేళ్లో అంతకంటే ఎక్కువో రేటు మారని అప్పులకు కొంత సడలింపు ఉంది. తామే పెట్టుకున్న కంపెనీ పేరున కొనేవాళ్లకూ, తక్కువ పన్ను శ్లాబులో ఉన్నవాళ్లకూ చాలా సంస్థలు ఆ వడ్డీలో 125 శాతం అద్దె అడుగుతాయి. సొంత పేరున కొనే 40 శాతం పన్ను శ్లాబువాళ్లను 145 అడగడం మామూలు. పై 1,05,000 అప్పుకు 5.5 శాతం లెక్కన ఏడాది వడ్డీ 5,775. కంపెనీకైతే నెలకు 602 పౌండ్ల అద్దె చాలు. అదే మీ సొంత పేరున అయితే 698 రావాలి. అద్దె 675 అనుకోండి, కంపెనీకి పూర్తి అప్పు దొరుకుతుంది, మీకు 1,01,600 దాటదు.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందంటే పన్ను నుంచి. సొంత పేరున అద్దెకిచ్చేవాళ్లు వడ్డీని ఆదాయంలోంచి తీసేసుకునే వెసులుబాటును 2017 నుంచి అంచెలంచెలుగా తీసేశారు. 2020 ఏప్రిల్ నుంచి దాని బదులు 20 శాతం పన్ను రాయితీ మాత్రమే. కంపెనీలకు ఈ నిబంధన వర్తించదు. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామంది 40 శాతం శ్లాబులో ఉంటారు కాబట్టి, ఇల్లు ఎవరి పేరున అన్నది కొనకముందే అకౌంటెంటుతో తేల్చుకోవాలి. కొన్నాక కంపెనీకి మార్చుకుందామంటే చట్టం దృష్టిలో అది అమ్మకం, మళ్లీ స్టాంప్ డ్యూటీ.

వంతెన దిగేటప్పుడు తగిలే మరో చిక్కు ఆరు నెలల అలవాటు. అమ్మేవాడు గానీ, తిరిగి తాకట్టు పెట్టేవాడు గానీ ఆ ఇంటికి ఆరు నెలల లోపు యజమాని అయితే ఆ సంగతి రుణసంస్థకు తెలియజేయాలని లాయర్లు పాటించే మార్ట్‌గేజ్ నిబంధనల పుస్తకంలో ఉంది. చేతులు మార్చి ధరలు పెంచే మోసాల భయం దాని వెనక ఉంది. ఇది చట్టం కాదు, కానీ చాలా సంస్థలు ఆరు నెలలు నిండేదాకా కొత్త విలువను ఒప్పుకోవు. మీ మేస్త్రీ మూడు నెలల్లో పని ముగించినా, వడ్డీ మీటరు మరో మూడు నెలలు తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఉదాహరణలో ఎనిమిది నెలలు వేశాను.

ఈ రెండు అప్పుల గొడవ తగ్గించడానికి కొన్ని సంస్థలు జంట పథకం ఇస్తాయి. మరమ్మతు కాలానికి బ్రిడ్జింగ్, పని అయ్యాక అక్కడే బై టు లెట్, రెండింటికీ మొదట్లోనే ఆమోదం. సర్వేయరు ఉన్న విలువా, పని పూర్తయ్యాక విలువా రెండూ ముందే రాస్తాడు. పని స్వభావాన్ని బట్టి తేలికది, బరువైనది అని విడదీస్తారు. వంటగది, బాత్రూము, వైరింగు, బాయిలరు, రంగులు తేలిక. గోడలు కూల్చడం, గదులు పెంచడం, ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టడం, ప్లానింగ్ అనుమతి కావాల్సినవి బరువు. బరువైన పనికి సొమ్ము దశలవారీగా వస్తుంది, అదీ మీరు ముందు ఖర్చు పెట్టి, వాళ్ల మనిషి వచ్చి చూసి వెళ్లిన తర్వాత. శ్లాబు లెక్క ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది, కాకపోతే చాలా ఖరీదుగా. అనుభవం లేనివాళ్లకు బరువైన పని మీద అప్పివ్వడానికి వెనకాడతారు. మొదటి ఇల్లే అయితే వాళ్ల వెనకడుగు న్యాయమేనని నేనంటాను.

ఇప్పుడు స్టాంప్ డ్యూటీ దగ్గరికి మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే అక్కడొక తమాషా ఉంది. ఇంగ్లండులో అదనపు ఇంటి మీద సర్‌చార్జి 2016లో 3 శాతంగా మొదలై, 2024 అక్టోబరు 31 నుంచి 5 శాతమైంది. వంటగది కూడా లేని ఇంటికి నివాస గృహపు పన్ను ఏమిటి అని వాదించవచ్చు కదా? 2019లో ఆస్బెస్టాస్‌తో నిండిన ఒక శిథిల బంగ్లా విషయంలో పన్ను వివాదాల ట్రైబ్యునలు ఆ వాదనను ఒప్పుకుంది. ఆ తీర్పు పట్టుకుని, మీ డబ్బు వెనక్కి తెప్పిస్తామంటూ కమిషన్ల కంపెనీలు బయల్దేరాయి. 2024లో అప్పర్ ట్రైబ్యునలు, 2025లో అప్పీలు కోర్టు ఆ తలుపు చాలావరకు మూసేశాయి. మరమ్మతులు ఎన్ని కావాలన్నా, మౌలికంగా ఇల్లు ఇల్లేనన్నాయి. అంటే ఒకే కట్టడం అప్పిచ్చేవాడికి ఇల్లు కాదు, పన్ను వేసేవాడికి ఇల్లే.

ఆదాయపు పన్ను దగ్గర మూడో చూపు ఎదురవుతుంది. మరమ్మతు ఖర్చును అద్దె ఆదాయంలోంచి తీసేయవచ్చా? దీనికి దారి చూపే తీర్పు ఇళ్లది కాదు, ఓడది. పాడైన స్థితిలో కొన్న ఓడను యజమానులు కొంతకాలం నడిపాక మరమ్మతు చేయించారు. కొనకముందు పేరుకుపోయిన అరుగుదల తాలూకు ఖర్చు నిజానికి కొనుగోలు ధరలో భాగమని 1923లో స్కాట్లండు కోర్టు చెప్పింది. మరోవైపు, యుద్ధకాలంలో మరమ్మతులకు నోచుకోని సినిమా హాళ్లను ఒక కంపెనీ కొంది. అవి కొన్న రోజునే ఆడించడానికి పనికొచ్చాయి, స్థితి కారణంగా ధరా తగ్గలేదు. ఆ మరమ్మతులు మామూలు ఖర్చేనని 1971లో అప్పీలు కోర్టు తేల్చింది. మన టెరేస్ ఇల్లు ఓడ పక్షమే. అద్దెకివ్వడానికి వీల్లేని ఇంటిని వీలయ్యేలా చేసిన ఖర్చు అద్దె మీద తగ్గదు, ఎప్పుడో అమ్మినప్పుడు మూలధన లాభంలోంచి తగ్గుతుంది. పూల వాల్‌పేపరు ఇల్లు మాత్రం సినిమా హాలు పక్షం చేరవచ్చు.

పన్నుల్లో తీపి కబురు ఒకటుంది. రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న ఇంటిని బాగు చేసే కాంట్రాక్టరు 20 శాతం కాకుండా 5 శాతమే వ్యాట్ వేయవచ్చు. ఖాళీగా ఉందని స్థానిక కౌన్సిలు నుంచి లేఖ తెచ్చుకోవాలి. సామాను మీరే కొని తెస్తే ఆ తగ్గింపు రాదు. ఇంటి బీమా విషయంలో మాత్రం ఏమరపాటు వద్దు. మామూలు పాలసీలు ఇల్లు 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే చాలా రక్షణలు ఆపేస్తాయి. పనులు జరుగుతున్న ఖాళీ ఇంటికి వేరే పాలసీ కావాలి.

మనవాళ్లు తరచుగా పడే గోతులు రెండున్నాయి. చదువుకోవడానికి వచ్చే తమ్ముడికో చెల్లెలికో ఆ ఇల్లు ఇద్దామనుకోవడం ఒకటి. దగ్గరి కుటుంబ సభ్యులు ఉంటే మామూలు బై టు లెట్ ఒప్పందం చెల్లదు, నియంత్రణ కింద ఉండే వేరే రకం అప్పు కావాలి. రెండోది, నలుగురైదుగురు విద్యార్థులకు గదుల లెక్కన ఇవ్వడం. వేరువేరు కుటుంబాల వాళ్లు అయిదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి ఉంటే ఇంగ్లండులో హెచ్‌ఎంఓ అనే ఉమ్మడి నివాసపు లైసెన్సు తప్పనిసరి, అందులో ఒక మనిషి పడకగది 6.51 చదరపు మీటర్లకు తగ్గకూడదు. కొన్ని కౌన్సిళ్లు ముగ్గురికే లైసెన్సు అడుగుతాయి. అప్పు కూడా ఆ రకానిదే తీసుకోవాలి.

చివరగా, సొమ్ము ఎక్కడిది అన్న ప్రశ్న. వేలంలో సుత్తి పడగానే ఒప్పందం కుదిరినట్టే. పది శాతం అక్కడికక్కడే కట్టాలి, మిగతాది సంప్రదాయ వేలంలో 28 రోజుల్లో. గడువు దాటితే ఆ పది శాతం పోవచ్చు. ఆ 28 రోజుల్లోనే సొలిసిటరు మీ ప్రతి పౌండుకూ పుట్టుక అడుగుతాడు. నాన్నగారు గుంటూరు నుంచి పంపితే, బహుమతి అని ఆయన సంతకం చేసిన లేఖ, ఆయన పాస్‌పోర్టు, ఆయనకు ఆ డబ్బు ఎలా వచ్చిందో చూపే కాగితాలు కావాలి. భారత రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అక్కడ నివసించే ఒక్కో మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. పది లక్షల రూపాయలు దాటిన భాగం మీద ఇలాంటి అవసరాలకు బ్యాంకు 20 శాతం పన్ను ముందే వసూలు చేస్తుంది. రిటర్ను వేసినప్పుడు అది సర్దుబాటు అవుతుంది గానీ, 28 రోజుల్లో మాత్రం కాదు. అందులో కొంత చీటీ పాడిన సొమ్మయితే, చీటీ అంటే ఏమిటో లీడ్స్‌లో కూర్చున్న సొలిసిటరుకు మీరే వివరించాలి. రసీదు తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం అడుగుతాడు. దాన్ని వేలానికి వెళ్లకముందే చేయించి పెట్టుకోండి.